కృష్ణలో తిరిగే చిన్న చేపల పడవ: బాగు చేసుకోవడం, మనకు తగ్గట్టు మార్చుకోవడం

ప్రకాశం బ్యారేజీకి ఎగువన పున్నమి ఘాట్ నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దాకా, అవతల సీతానగరం, ఉండవల్లి ఒడ్డున, దిగువన యనమలకుదురు వైపు ఇప్పుడు ఫైబర్ పడవలు బాగా కనిపిస్తున్నాయి. పాత చెక్క నావలు, పుట్టీలు కూడా ఉన్నాయి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 14 నుంచి 16 అడుగుల ఫైబర్ పడవ గురించి. ఇద్దరు ముగ్గురు కూర్చుని వల వేసుకోవడానికో గాలం వేసుకోవడానికో వాడే పడవ అన్నమాట.

ఇంత చిన్న పడవను పాడు చేసేవి రెండే. ఒకటి కనబడకుండా లోపలికి దూరే నీరు, రెండు తెలియకుండా పెరిగే బరువు. సీటు కింద పెట్టె, ఎత్తు పెంచిన వేదిక, రెండో బ్యాటరీ, ఐస్ పెట్టె... ఏదీ విడిగా చూస్తే బరువనిపించదు. అన్నీ కలిసేసరికి పడవ అంచు నీళ్లకు దగ్గరవుతుంది. అందుకే ప్రతి పనికీ ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీని బరువెంత, అది పడవలో ఎక్కడ కూర్చుంటుంది?

ఎప్పుడు మొదలుపెట్టాలి

కృష్ణకు వరద కాలం మామూలుగా జులై చివర మొదలై అక్టోబర్ దాకా ఉంటుంది. కాబట్టి పెద్ద పనులన్నీ మే, జూన్‌లోనే అయిపోవాలి. నిజాంపట్నం వైపు సముద్రంలో తిరిగే మోటారు పడవల వాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది, వాళ్ల మరమ్మతులూ అప్పుడే. నది మీద ఉండే మనం కూడా అదే వరస పట్టుకుంటే మంచిది. ఎండకు పడవ బాగా ఆరుతుంది. చిక్కల్లా ఏమిటంటే, అదే ఎండకు ఫైబర్ అతకడానికి వాడే జిగురు ద్రవం, రెసిన్, చేతిలోనే గడ్డకడుతుంది. దాని సంగతి కింద చెబుతాను.

ముందు బరువు, తర్వాతే రిపేరు

పడవను ఖాళీ చేయండి. వల, తాళ్లు, లంగరు, పెట్రోలు ట్యాంకు, నేల చెక్కలు, అన్నీ బయటపెట్టాలి. ట్రాలీ ఆటో మీద ఎక్కించి విజయవాడ ఆటోనగర్ దగ్గర ఏదో ఒక కాటాలో తూకం వేయిస్తే చాలు. ఆటో బరువు తీసేస్తే పడవ బరువు వస్తుంది. లారీల కాటా కాబట్టి పది ఇరవై కిలోలు అటూఇటూ అవుతుంది, పర్వాలేదు. కొన్నప్పుడు చెప్పిన బరువుకూ ఇప్పటి బరువుకూ యాభై కిలోలకు మించి తేడా ఉంటే లోపల ఎక్కడో నీరు చేరినట్టే. నేల కింద నింపిన ఫోమ్‌లో గానీ, మోటారు బిగించే వెనుక పలక లోపలి చెక్కలో గానీ ఉంటుంది.

కాటాకు తీసుకెళ్లడం కుదరని వాళ్లకు ఇంకో దారి. పడవ ఆరిన తర్వాత, ఖాళీగా, గాలి లేని పూట నీళ్లలో పెట్టి నాలుగు చోట్ల నీటి గీత గుర్తు పెట్టండి. ముందు, వెనుక, రెండు పక్కలా పెయింటుతో సన్న గీతలు. 16 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న పడవ ఒక సెంటీమీటరు కిందికి దిగిందంటే సుమారు 40 కిలోల బరువు ఎక్కినట్టు. ఈ లెక్క గుర్తుంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఆర్నెల్ల తర్వాత అదే ఖాళీ పడవ గీత కంటే రెండు సెంటీమీటర్లు మునిగి ఉంటే, ఎనభై కిలోల నీటిని ఊరికే మోస్తున్నారన్నమాట. పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతోందో కూడా అప్పుడు అర్థమవుతుంది.

నీరు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం

పడవను పాత టైర్ల మీద నిలకడగా ఎత్తిపెట్టండి. అడుగు మొత్తం చేత్తో తడుముతూ, రూపాయి బిళ్లతో కొడుతూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టక్కుమని మోగుతుంది. పొరలు విడిపోయినచోట, లోపల చెక్క కుళ్లినచోట శబ్దం మొద్దుగా వస్తుంది. సీతానగరం ఒడ్డున ఒక పెద్దాయన ఈ పని చేస్తూ, "కళ్లతో కాదురా అబ్బాయ్, చెవితో చూడాలి" అనేవాడు. మొద్దు శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దతో చుట్టూ గీయండి.

తర్వాత లోపల రెండు అంగుళాల ఎత్తు నీళ్లు పోయండి. అంతకు మించి వద్దు. రెండు అంగుళాలకే నూట యాభై కిలోల దాకా బరువు పడుతుంది, టైర్లు సరిగ్గా లేకపోతే అడుగు పగులుతుంది. నీళ్లలో కాస్త నీలిమందు కలిపితే తెల్ల ఫైబర్ మీద ఊట ఎక్కడినుంచి వస్తోందో నీలంగా కనిపిస్తుంది. ఒక గంట ఆగి కిందనుంచి చూడండి. ఎక్కువసార్లు ఊట కనబడేది పగులు దగ్గర కాదు, బోల్టుల దగ్గర. నీళ్లు వదిలే బిరడా చుట్టూ, వెనుక పలక మీద మోటారు బోల్టుల చుట్టూ, ఎవరో ఎప్పుడో మేకు కొట్టి వదిలేసిన రంధ్రాల దగ్గర.

బ్యారేజీకి దిగువన తిరిగే పడవలకు ఇంకో సమస్య ఉంది. ఇసుక మేటల మీద అడుగు రాసుకుని మధ్య గట్టు దగ్గర పైపూత పూర్తిగా అరిగిపోతుంది. పైపూత పోయి లోపలి గాజు పీచు బయటపడితే నీరు పొరల మధ్యకు పాకుతూనే ఉంటుంది. అక్కడ గోటితో గీకి చూడండి, పీచు లేచి వస్తుంటే ఈ ఏడాది వదలకూడదు.

ఆరడం: తొందరపడకూడని పని

తడి ఫైబర్ మీద రెసిన్ పట్టదు. పట్టినట్టు కనిపించి నెల తర్వాత పెచ్చుగా ఊడుతుంది. పడవను బోర్లించి, కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టి ఎండనివ్వండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ ముక్కను రిపేరు చేయాల్సిన చోట పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. మర్నాడు తీసి చూస్తే లోపలివైపు చెమ్మ చుక్కలుంటే ఇంకా ఆరలేదు. పొడిగా ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ఫైబర్ పగులు మూయడం

కొనాల్సినవి: పాలిస్టర్ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజు పీచు మ్యాట్, పైపూతకు జెల్ కోట్, అసిటోన్, బ్రష్షులు, గాలి బుడగలు నొక్కే ఇనప రోలర్. రెసిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే మందు కోబాల్ట్. అది ముందే కలిపిన రెసిన్ అడిగి తీసుకోండి. ఇది చాలా ముఖ్యం. కోబాల్ట్, హార్డెనర్ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. విడిగా కొనాల్సి వస్తే ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. ఆ రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకండి, ఒకే చెంచా వాడకండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోవాలి. పొరపాటున పడితే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక పని వరస. పగులు చుట్టూ పైపూతను గ్రైండర్‌తో తీసేయండి. గాజు పొడి ఒంటికి, ఊపిరికి చేటు. ఎన్95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకుండా గ్రైండర్ పట్టుకోవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వద్దు. పగులు ఈ వైపునుంచి ఆ వైపుకు పడి ఉంటే, అంచులను నిలువుగా కోయకుండా పళ్లెంలా వాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలి. అంటే 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అడుగుకు రంధ్రం చుట్టూ 60 మిల్లీమీటర్లు. చిన్న రంధ్రానికి ఇంత వెడల్పు ఎందుకనిపిస్తుంది. కొత్త పొరలు పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే. వాలు తగ్గిస్తే అతుకు బిరడాలా ఊడి చేతికొస్తుంది.

అవతలి వైపు పాలిథిన్ చుట్టిన ప్లైవుడ్ ముక్క ఆనించి కట్టండి. అరగదీసిన చోటంతా అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి. మ్యాట్ ముక్కలు ముందే కత్తిరించి వరసగా పేర్చుకోవాలి, ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దదిగా. ఒక్కో 450 గ్రాముల మ్యాట్ పొర రెసిన్‌తో కలిసి సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. 5 మిల్లీమీటర్లకు అయిదు పొరలు. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది.

కలపడంలో ఎండ సంగతి వస్తుంది. కిలో రెసిన్‌కు మామూలుగా 10 నుంచి 20 మిల్లీలీటర్ల హార్డెనర్. మన మే నెలకు పది చాలు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ఆపేయాలి, అదీ నీడలో. ఒక్కసారికి పావుకిలో మించి కలపకండి. లోతైన డబ్బాలో వేడి పెరిగి త్వరగా గడ్డకడుతుంది, వెడల్పాటి గిన్నెలో కాస్త టైం దొరుకుతుంది. గిన్నెలో రెసిన్ జున్నులా మారడం మొదలైతే దాన్ని పక్కన పెట్టేయాలి, పలచన చేసి వాడాలని చూడొద్దు.

ముందు బ్రష్షుతో రెసిన్ పూత, దాని మీద మ్యాట్, మళ్లీ రెసిన్. తెల్లగా ఉన్న మ్యాట్ తడిసి అద్దంలా అయ్యేదాకా పైనుంచి పొడుస్తున్నట్టు బ్రష్షు ఆడించాలి, లాగితే పీచు చెదిరిపోతుంది. తర్వాత రోలర్. తెల్ల మచ్చ ఎక్కడ మిగిలినా అది గాలి, అక్కడే రేపు నీరు చేరుతుంది. మూడు పొరలయ్యాక ఆగి, వేడి తగ్గనిచ్చి మిగతావి వేయండి. అన్నీ ఒక్కసారే వేస్తే మధ్యలో వేడి చిక్కుకుని పగుళ్లిస్తుంది. మర్నాడు సాండ్‌పేపర్ పట్టి, జెల్ కోట్ వేయాలి. గాలి తగిలే పాలిస్టర్ పైపొర జిగురుగానే ఉండిపోతుంది. చివరి పూతలో వ్యాక్స్ ద్రావణం కలపమని షాపులో అడగండి, లేదా పలచటి ప్లాస్టిక్ షీటు కప్పి ఆరనివ్వండి.

పాత పడవ మీద ఎపాక్సీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అయితే ఖరీదెక్కువ, పైగా దాని మీద పాలిస్టర్ జెల్ కోట్ సరిగ్గా నిలవదు. ఎపాక్సీ వాడితే పైన పెయింటే వేసుకోవాలి.

చెక్క నావ ఉన్నవాళ్లకు రెండు మాటలు. పలకల సందుల్లో పాత దూది, తారు పూర్తిగా గీకి తీసి, కొత్త దూది పోగులు నూనెలో తడిపిన గుగ్గిలం పొడితో కలిపి ఉలితో దట్టించాలి. పైన పూత. చెక్క నావను మరీ ఎక్కువ రోజులు ఎండలో పెట్టకూడదు, పలకలు కుదించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. నీళ్లలో దించిన మొదటి పూట కాస్త ఊట రావడం సహజం, చెక్క ఉబ్బాక ఆగుతుంది.

వెనుక పలక, మోటారు

చిన్న పడవలో అన్నిటికంటే కష్టపడేది వెనుక పలక. మోటారును పట్టుకుని పైకి కిందికి ఊపి చూడండి. తేలిగ్గా కదిపితే తెలియదు, రెండు చేతులతో గట్టిగా ఊపాలి. పలక కదిలినట్టు అనిపించినా, మూలల్లో సన్న పగుళ్లున్నా, లోపలివైపు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేసి వచ్చే పొట్టు చూడండి. పొడిగా, లేత రంగులో వస్తే చెక్క బాగుంది. తడిగా, ముదురు గోధుమ రంగులో వస్తే కుళ్లింది. కుళ్లిన పలకకు పైన ఇనప రేకు బిగించి సరిపెట్టుకోవడం చాలాచోట్ల చూస్తాం. ఆ రేకు బరువు పెంచుతుంది తప్ప బలం ఇవ్వదు.

లోపలి ఫైబర్ పొర కోసి, పాత చెక్క మొత్తం తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి రెండు అతికించి పెట్టాలి. పెట్టే ముందు ప్లైవుడ్ అంచులకు రెసిన్ తాగినంత పట్టించండి, నీరు పీల్చేది అంచులే. బోల్టు రంధ్రాలను కావాల్సినదానికంటే పెద్దవిగా వేసి, రెసిన్ ముద్దతో నింపి, గట్టిపడ్డాక అసలు సైజులో మళ్లీ తొలిస్తే చెక్కకు తడి తగలదు. బోల్టులు స్టెయిన్‌లెస్. నదికి 304 రకం సరిపోతుంది, ఉప్పునీళ్లకు 316 కావాలి. పాలీయూరిథేన్ సీలెంట్ పూసి బిగించాలి.

పలక ఎత్తు కొలిచాకే మోటారు కొనండి. పొట్టి షాఫ్టు మోటారుకు 15 అంగుళాలు, పొడుగు షాఫ్టుకు 20 అంగుళాల ఎత్తు కావాలి. మోటారు బిగించాక ఫ్యాన్‌కు, అంటే ప్రొపెల్లర్‌కు, పైన ఉండే అడ్డపలక పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం లోపు కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే ఫ్యాన్ గాలి పీల్చి ఊరికే గిరగిరా తిరుగుతుంది. మరీ కిందికి ఉంటే ఇసుక మేటల్లో తగులుతుంది, పెట్రోలూ ఎక్కువే అవుతుంది.

మోటారు స్టార్ట్ అయిన వెంటనే పక్కనుంచి సన్నటి నీటి ధార వస్తోందా లేదా చూడండి. రాకపోతే వెంటనే ఆపేయాలి. కృష్ణలో దీనికి కారణం ఎక్కువగా గుర్రపు డెక్క వేళ్లు నీరు పీల్చే జాలీకి అడ్డుపడటం. జాలీ శుభ్రం చేసినా ధార బలహీనంగానే ఉంటే లోపల నీటిని తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, అరిగినట్టు, ఇసుక నీళ్లలో అది త్వరగా పోతుంది. ఏడాదికోసారి మార్చేయడం మేలు.

ఇంకో పని చాలామంది చేయరు. నెలకోసారి ఫ్యాన్ విప్పి దాని వెనుక షాఫ్టు చూడండి. నైలాన్ వల పోగు అక్కడ చుట్టుకుని, వేడికి కరిగి, గట్టి ఉంగరంలా బిగుసుకుపోయి ఉంటుంది. బయటికి కనిపించదు. అదే మెల్లగా ఆయిల్ సీలును కోసేస్తుంది. తర్వాత గేర్ ఆయిల్‌లోకి నీరు చేరుతుంది. అడుగు స్క్రూ విప్పితే ఆయిల్ పాల రంగులో వస్తే సంగతి అదే. సీలు ఖర్చు వందల్లో పోతుంది, గేర్లు పోతే వేలల్లో.

చాలా టూ స్ట్రోక్ మోటార్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, కొత్తదానికి మొదట్లో ఎక్కువ కావాలి. మీ మోటారు పుస్తకంలో ఏముందో అదే పాటించండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వరదల కాలంలో పడవ ఒడ్డున పెట్టేటప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు. పైపు తీసేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా మోటారు నడిపి ఆపండి. ఈ పని నీళ్లలోనే చేయాలి, పొడిగా నడిపితే ఇంపెల్లర్ కాలిపోతుంది.

పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజిన్ వాడేవాళ్లు షాఫ్టు, బేరింగులకు గ్రీజు తగ్గకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. షాఫ్టు వంకర పోతే ఆటోనగర్‌లో లేత్ మీద సరిచేయించండి, సుత్తితో కొట్టి సరిచేసింది వణుకుతూనే ఉంటుంది.

మునిగినా తేలేలా చేయడం

మార్పుల్లో నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను. చేపలు పట్టే సౌకర్యాలన్నీ దీని తర్వాతే. ఫైబర్ నీటికంటే బరువైనది. నీళ్లు నిండిన ఫైబర్ పడవ, లోపల తేలే పదార్థం లేకపోతే, మోటారుతో సహా కిందికి పోతుంది.

లెక్క కష్టం కాదు. 150 కిలోల ఫైబర్ తొట్టి నీళ్లలో మునిగితే 100 కిలోల దాకా నీరే మోస్తుంది, మిగిలేది 50. మోటారు 40, బ్యాటరీ 25. నీళ్లలో ఉండి పడవను పట్టుకుని వేలాడే ముగ్గురికి మనిషికి పది చొప్పున 30. మొత్తం 145. ఒక లీటరు గాలి సుమారు ఒక కిలోను తేలుస్తుంది కాబట్టి 145 లీటర్లు. జాగ్రత్తకు 180 పెట్టుకోండి. మూత గట్టిగా బిగించి సీలెంట్ రాసిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు తొంభై ఉంటే సరిపోతుంది. డబ్బు పెద్దగా అవ్వదు, బరువూ నాలుగైదు కిలోలే.

ఎక్కడ పెడతామన్నది ఎంత పెడతామన్నదంత ముఖ్యం. అన్నీ నేల కింద దోపితే నీళ్లు నిండిన పడవ తిరగబడుతుంది. రెండు పక్కలా, అంచుకు దగ్గరగా పైన, సీట్ల కింద, మోటారు బరువు మోయడానికి వెనుక మూలల్లో కొంత. వల సంచుల్లో వేసి పట్టీలతో కదలకుండా కట్టాలి.

థర్మాకోల్ వాడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పాలిస్టర్ రెసిన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, పెట్రోలు తగిలినా అంతే. పైన ఫైబర్ వేసి మూసేశాక లోపల ఖాళీ గుల్ల మిగులుతుంది, అది మీకు తెలియదు కూడా. వాడాలంటే దళసరి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి టేపు వేశాకే పెట్టాలి.

చేపల పనికి తగ్గట్టు మార్పులు

వలతో పనిచేసే పడవకు అంచు నున్నగా ఉండటమే అన్నిటికంటే పెద్ద సౌకర్యం. నల్ల హెచ్‌డీపీఈ పైపును నిలువుగా చీల్చి అంచు మీద తొడిగితే వల జారుతూ వస్తుంది, అంచు అరగదు. బోల్టు తలలు లోపలికి దిగేలా బిగించి, నట్లకు గుండ్రటి టోపీ నట్లు వేయండి. అయ్యాక పాత వల ముక్క ఒకటి తీసుకుని పడవ అంచు పొడవునా, సీట్ల మూలల మీద, మోటారు చుట్టూ నిదానంగా లాగండి. అది చిక్కిన ప్రతిచోటా ఆకురాయి పట్టండి. ఈ ఒక్క పూట పని తర్వాత ఏడాదంతా వల బాగు చేసుకునే గంటల్ని మిగులుస్తుంది.

విసురు వల వేసేవాళ్లకు అణియంలో, అంటే పడవ ముందు భాగంలో, నిలబడే చోటు కావాలి. ఎత్తైన వేదిక కట్టొద్దు. మనిషి అడుగు ఎత్తు పైకి వెళ్తే పడవ ఊగే తీరే మారిపోతుంది. నేల చెక్కకంటే నాలుగు అంగుళాలు మించకుండా 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌తో చేయండి. కాలు జారకుండా, తడి పెయింటు మీద జల్లెడ పట్టిన కృష్ణ ఇసుక చల్లి, ఆరాక ఊడ్చేసి మళ్లీ ఒక పూత వేయండి. షాపులో అమ్మే రబ్బరు షీట్లకంటే ఇదే బాగా పనిచేస్తుంది, నీరు కూడా కింద నిలవదు.

గాలం వేసేవాళ్లకు కడ్డీ నిలబెట్టడానికి ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్కలు 30 డిగ్రీల వాలులో బిగిస్తే సరి. కడ్డీ కిందికి జారిపోకుండా పైపు అడుగున అడ్డంగా ఒక బోల్టు వేయండి. వాలుగ లాంటి పెద్ద చేప గట్టిగా గుంజినప్పుడు స్క్రూలు పెకలి వస్తాయి. లోపలివైపు చెక్క పట్టీ ఆనించి బోల్టుతో బిగించాలి.

చేపల పెట్టె మధ్యలో, వీలైనంత కింద ఉండాలి. ఐస్ కరిగిన నీరు నేల మీదికి వదలకుండా పైపు పెట్టి బయటికి పంపండి. బొచ్చె, శీలావతి నాలుగైదు పడిన రోజున ఐస్‌తో కలిపి ఆ పెట్టె ముప్పై నలభై కిలోలవుతుంది. అది వెనుక ఉంటే మోటారు బరువుతో కలిసి అమరం, అంటే పడవ వెనుక భాగం, దిగిపోతుంది, ముందుంటే చుక్కాని మాట వినదు.

నేల చెక్కలను శాశ్వతంగా మూసేయకండి. రెండు మూడు ముక్కలుగా, చేత్తో లేపేలా ఉండాలి. అడుగున చేరిన నీరు చూడటానికి, తోడటానికి, గాలి ఆడటానికి.

కరెంటు విషయంలో ఎక్కువ ఆశలు వద్దు. ఒక తెల్ల లైటు చుట్టూ అన్ని వైపులా కనిపించేలా, నిలబడ్డ మనిషి తలకంటే ఎత్తులో. లోపల ఒక చిన్న ఎల్ఈడీ. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు. బ్యాటరీ కదలకుండా పట్టీతో కట్టాలి, పెట్రోలు ట్యాంకు పక్కన మాత్రం పెట్టొద్దు.

నీళ్లలో పరీక్ష

అన్ని పనులూ అయ్యాక, లోతు తక్కువ ఉన్న ఒడ్డున, మీరు మోసే మొత్తం బరువు ఎక్కించి చూడండి. నీళ్ల క్యాన్లు పెడితే తూకం సులువు. పూర్తి బరువుతో అంచులో అన్నిటికంటే కింద ఉన్న చోటు నీటికి కనీసం అడుగు పైన ఉండాలి. తర్వాత ఇద్దరు ఒకే పక్కకు జరిగి కూర్చోండి. అంచు నీళ్లకు అరచేయంత దగ్గరకు వచ్చిందంటే ఏదో ఒకటి తీసేయాల్సిందే. ఆ తర్వాత మోటారు, బ్యాటరీ తీసి ఒడ్డున పెట్టి, వాటి బదులు అంత బరువు ఇసుక సంచులు కట్టి, నడుము లోతు నీళ్లలో పడవను బకెట్లతో పూర్తిగా నింపండి. తేలుతూ నిలబడిందంటే సీసాల లెక్క సరిపోయినట్టు.

2017 నవంబర్ 12న ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కాల్సినదానికంటే ఎక్కువమంది ఎక్కారు, ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. చేపల పడవలో ఇద్దరమే కదా అని జాకెట్లను సీటు కింద పెట్టుకునే అలవాటు పోవాలి. అవి తొడుక్కుంటేనే పనికొస్తాయి.

మోటారు కొత్తగా బిగిస్తున్నా, పడవ పొడవు మారుస్తున్నా ముందే మత్స్యశాఖ కార్యాలయంలో లైసెన్సు, రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి. పాత గుంటూరు జిల్లా తీరం, అంటే ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నం, సూర్యలంక వైపు సముద్రంలోకి తీసుకెళ్లే పడవలకు రిజిస్ట్రేషన్ నిబంధనలు వేరు. నదికి చేసిన పడవను అలల్లోకి తీసుకెళ్లడం కూడా మంచిది కాదు. ఎప్పుడైనా ఉప్పునీళ్లలో తిరిగి వస్తే ఆ రోజే మోటారును మంచినీళ్లలో పది నిమిషాలు నడపాలి.

లంగరు, తాళ్లు, వరద

లంగరు తాడు లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు పొడవుండాలి. పది అడుగుల లోతుకు యాభై అడుగులకు తక్కువైతే లంగరు ఇసుకను పట్టదు, దొర్లుతుంది. తాడు నైలాన్‌ది తీసుకోండి, అది సాగి కుదుపును మింగుతుంది. రంగురంగుల ప్లాస్టిక్ తాళ్లు ఎండకు పొడిబారి తెగుతాయి, పైగా నీటి మీద తేలి ఫ్యాన్‌కు చుట్టుకుంటాయి.

2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కట్లు తెగి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్లకు తగిలి, గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) విరిగాయి. మనవి చిన్నవే అయినా, తెగి కొట్టుకుపోయిన పడవ మనది కాకుండా పోవడమే కాదు, ఎవరి మీద పడుతుందో తెలియదు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. మొదటి హెచ్చరిక దాకా ఆగొద్దు. ఎగువన పులిచింతల నుంచి నీళ్లు వదులుతున్నారని వినగానే మోటారు విప్పి ఇంటికి చేర్చి, పడవను ఒడ్డు పైకి లాగేయాలి. లాగడం కుదరకపోతే ముందొకటి వెనుకొకటి, రెండు తాళ్లు వేర్వేరు చెట్లకు కట్టండి. నీరు పెరిగేకొద్దీ వదలడానికి తాడు మిగిలి ఉండాలి. పొట్టిగా కట్టిన తాడు పెరిగే నీళ్లలో పడవ మూతిని కిందికి లాగి ముంచేస్తుంది.

ఒడ్డున పెట్టినప్పుడు బిరడా తీసి, వెనుకవైపు కాస్త వాలుగా ఉంచితే వాన నీళ్లు వాటంతటవే పోతాయి. కప్పేటప్పుడు టార్పాలిన్ పడవకు అంటుకోకుండా మధ్యలో ఒక గెడ అడ్డంగా వేసి గాలి ఆడనివ్వండి. వరద తగ్గి మళ్లీ దించాక మొదటి వారంలో అన్ని బోల్టులూ ఒకసారి స్పానర్‌తో బిగించి చూడాలి. కొత్త ప్లైవుడ్ కాస్త అణుగుతుంది, మోటారు బోల్టులు పావు చుట్టో అర చుట్టో తిరుగుతాయి. తీసిన బిరడాను పోగొట్టకుండా మోటారు తాళం చెవికే కట్టుకోండి, రెండోది టూల్ డబ్బాలో వేసుకోండి.